ఆ జీర లోపం కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో కళాశాల విద్యార్థుల సంగీత బృందం గురించి వచ్చిన వ్యాసాన్ని ఇష్టంగానే చదివాను. పిల్లల ఉత్సాహాన్ని, గాయని గొంతును, డ్రమ్స్ వాయించిన అమ్మాయి లయజ్ఞానాన్ని మనసారా మెచ్చుకున్న రచయిత, ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన కుర్రవాడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం, అతని వాద్యం నుంచి పగిలిన లౌడ్‌స్పీకరు మోత వంటిది వినిపించిందనీ, సాంకేతిక లోపం కావచ్చుననీ రెండు వాక్యాల్లో తేల్చేశారు. వ్యాసం పక్కన మీరు ముద్రించిన ఫొటోలో ఆ కుర్రవాడి కుడికాలి ముందు ఒక వెడల్పాటి ఇనుప పెట్టె కనబడుతోంది. అటువంటిదే నా దగ్గర చాలా కాలంగా ఉన్నది కనుక వెంటనే గుర్తుపట్టాను. గిటార్ ధ్వనికి కావాలని గరగర కలిపే ఆ పెట్టె పేరు ఫజ్ పెడల్. అందులోనూ అది బజారులో తరచుగా దొరికే రకం కాదు. వాయించిన స్వరానికి పై స్థాయి స్వరాన్ని తనంతట తాను జతచేసే రకం. ఆ కుర్రవాడు డబ్బు పెట్టి కొనుక్కొని, కాలితో నొక్కి మరీ తెచ్చుకున్న ధ్వనిని మీ రచయిత లోపంగా భావించారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అంతకు ముందు నుంచీ గిటార్ వాయిస్తున్నవాడిని. ఈ రెండు అర్హతలతో, కొంచెం పొడవుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను, మన్నించగలరు.

లోపం అన్న మాట నిజానికి పూర్తిగా తప్పు కూడా కాదు, ఎందుకంటే ఈ ధ్వని పుట్టిందే ఒక లోపం నుంచి. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాటను రికార్డు చేస్తున్నప్పుడు, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ గిటార్ వెళుతున్న కన్సోల్ (రికార్డింగ్ మిక్సర్) ఛానల్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయింది. స్వరాలు బొంగురుపోయి, ముద్దగా, గరగరమంటూ వచ్చాయి. మళ్ళీ వాయించి సరిదిద్దవలసిన ఆ భాగాన్ని అలాగే ఉంచేశారు. 1961లో ఆ పాట విడుదలై జనాదరణ పొందింది. ఇతర వాద్యకారులు మాకూ ఆ ధ్వని కావాలని అడగడం మొదలుపెట్టాక, అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడిపోయిన ఛానల్ చేసిన పనినే ట్రాన్సిస్టర్లతో చేసి చూపే సర్క్యూటును మరొకరితో కలిసి తయారుచేసి గిబ్సన్ సంస్థకు ఇచ్చాడు. 1962లో మాస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అది బయటికి వచ్చింది. చెడిపోవడాన్ని చెడిపోకుండా భద్రపరిచిన మొదటి పెట్టె అదేనని నా తరగతిలో చెబితే విద్యార్థులు నవ్వేవారు.

వింతేమిటంటే, ఆ పెట్టెను తయారుచేసిన సంస్థకు కూడా అది దేనికి పనికొస్తుందో సరిగా తెలియలేదు. ట్రంపెట్, ట్రాంబోన్ వంటి ఊదుడు వాద్యాలను గిటార్ మీద అనుకరించడానికి ఉపయోగపడుతుందని ప్రచారం చేశారు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ ఆ ఫజ్ టోన్‌తో వాయించిన చిన్న వరుస ప్రపంచమంతా మారుమోగింది కానీ, ఆయన కూడా తర్వాత అక్కడ ఊదుడు వాద్యాలు పెట్టించాలనే ఉద్దేశంతో, తాత్కాలికంగా ఆ వరుసను వాయించాడు. అదే సంవత్సరం లండన్‌లో యార్డ్‌బర్డ్స్ బృందం ఒక పాట కోసం సితార్ విద్వాంసుణ్ణి పిలిపించింది. వారు ఆశించిన ఫలితం రాకపోవడంతో, ఆ వరుసనే జెఫ్ బెక్ ఫజ్ పెట్టిన గిటార్ మీద వాయించాడు, ఆ రికార్డే విడుదలయింది. అంటే మీ రచయితకు పగిలిన స్పీకరుగా వినిపించిన ధ్వనిని, లండన్ కుర్రవాడొకడు సితార్‌కు అత్యంత దగ్గరి ప్రత్యామ్నాయంగా ఎంచుకున్నాడు. ఇది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

మా అక్క గాత్రం నేర్చుకునే రోజుల్లో ఇంట్లో తంబురా ఉండేది. శ్రుతి పెట్టడం అక్క పని, బ్రిడ్జి మీద తీగల కింద దారం సర్దడం నా పని. ఆ దారాన్ని మా పంతులు గారు జీవాళి అనేవారు. నాలుగు తీగల కింద నాలుగు సన్నని నూలు పోగులు. పోగు లేకపోతే తీగ టంగుమని మోగి ఊరుకుంటుంది. పోగును గోటితో వెంట్రుకవాసి ముందుకు జరపగానే, అదే తీగ ఝుమ్మంటూ విచ్చుకొని, గది నిండా పరుచుకొని, ఎంతసేపటికీ ఆరిపోదు. మరో వెంట్రుకవాసి జరిపితే చచ్చుపడిపోతుంది. ఆ ఝుంకారం కూడా, శుద్ధ శాస్త్రం ప్రకారం చూస్తే, తీగ బ్రిడ్జికి తగిలీ తగలక రాసుకోవడం వల్ల పుట్టే గరగరే. మృదంగం కుడివైపు తోళ్ళ మధ్య సన్నని పుల్లలు దోపడమూ ఇటువంటి పనే. మన పెద్దలు స్వచ్ఛమైన ధ్వనికి బుద్ధిపూర్వకంగా కొంత గరగర కలిపి, దానికి జీవమని పేరు పెట్టారు. పాశ్చాత్యులు ట్రాన్సిస్టర్లతో కలిపి ఫజ్ అన్నారు. గొంతు విషయంలో మనకు మంచి మాటే ఉంది: జీర. గొంతులో జీర ఉందని పద్యనాటకాల నటులను మెచ్చుకున్న జాతి మనది. ఫజ్‌కు తెలుగు మాట వెతకవలసి వస్తే నేను ఆ మాటనే ఎంచుకుంటాను.

ఇక ఆ పెట్టె లోపల జరిగేదేమిటో వీలైనంత సులభంగా చెబుతాను. గిటార్ తీగ కంపించినప్పుడు దాని కింద ఉన్న పికప్‌లో పుట్టే విద్యుత్తు అలలాగా ఎగసి, పడుతుంది. ఒక గుట్ట, ఒక గుంట, మళ్ళీ గుట్ట, మళ్ళీ గుంట. మామూలు ఫజ్ పెడల్ ఈ అలను విపరీతంగా పెంచి, ఇముడ్చుకోలేనంత ఎత్తుకు చేరగానే గుట్టల శిఖరాలనూ గుంటల అడుగులనూ చదునుగా కోసేస్తుంది. నున్నని అల అంచులు తేలిన అలగా మారడంతో అసలు స్వరానికి మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్లు పౌనఃపున్యం గల అనుస్వరాలు వచ్చి చేరతాయి. జీర అనేది వాటి సమూహమే. అల ఎత్తు కొంత తగ్గినా చదునుగా కోయబడుతూనే ఉంటుంది కనుక స్వరం త్వరగా ఆరిపోదు, ఫిడేలు కమాను లాగినట్టు నిలబడుతుంది.

ఆ కుర్రవాడి పెడల్ దీనికి మరొకటి తోడుచేస్తుంది. కోయడానికి ముందు అది గుంటలన్నిటినీ తిరగేసి గుట్టలుగా నిలబెడుతుంది. ఒక గుట్ట, ఒక గుంట ఉన్నచోట ఇప్పుడు రెండు గుట్టలుంటాయి. లెక్క రెట్టింపయింది కనుక వినబడే స్వరం పై స్థాయికి వెళుతుంది. మన ఇళ్ళలో బ్యాటరీ ఎలిమినేటర్లు ఏసీని డీసీగా మార్చేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే పని. సంగీతానికి వాడుకోవచ్చునన్న ఆలోచన ఎవరికి తట్టిందో గానీ వారికి చేతులెత్తి మొక్కాలి. ఇంగ్లండుకు చెందిన రోజర్ మేయర్ తయారుచేసిన ఆక్టేవియా ఈ కోవకు చెందినదే. 1967లో జిమీ హెండ్రిక్స్ దానితో వాయించిన స్వరాలు విన్నవారు అది గిటారేనా అని అనుమానించారంటే ఆశ్చర్యం లేదు. జపాన్‌కు చెందిన షిన్‌ఏ సంస్థ తయారుచేయగా యూనివాక్స్ పేరుతో అమ్ముడుపోయిన సూపర్ ఫజ్ మరొకటి. ఆరు ట్రాన్సిస్టర్లు, కోత పెట్టడానికి రెండు జర్మేనియం డయోడ్లు, మధ్యస్థ పౌనఃపున్యాలను గొయ్యి తీసినట్టు తొలగించే ఒక స్విచ్. ది హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ దానిని చాలాకాలం వేదికల మీద వాడాడు. నా దగ్గరున్నది ఆ సర్క్యూటును చూసి ఎవరో చేత్తో కట్టిన పెట్టె.

మన దేశానికి ఇదంతా కొత్త అనుకోవడం కూడా సరికాదు. 1970, 1971 సంవత్సరాల సిమ్లా బీట్ పోటీల పేరిట వచ్చిన ఎల్‌పీ రికార్డులలో భారతీయ కుర్రకారు వాయించిన ఫజ్ గిటార్‌ను ఇప్పటికీ వినవచ్చు. విద్యుత్తుతో మోగే వాద్యం మన చెవికి పడదనే వాదానికి పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు బాల్యంలోనే సమాధానం చెప్పేశారు కనుక దాని జోలికి పోను.

ఈ రకం పెడల్‌ను వాయించడం సామాన్యమైన పని కాదు. మందపాటి తీగల మీద, బ్రిడ్జి దగ్గరి పికప్‌తో, టోన్ పూర్తిగా తెరిచి, నిండు కార్డ్, అంటే అనేక స్వరాలను ఒకేసారి, వాయిస్తే వచ్చేది నిజంగానే చెవులు మూసుకోవలసిన గందరగోళం. ఆ రోజు వేదిక మీద ఆ కుర్రవాడు అలాగే వాయించాడేమో నాకు తెలియదు, నేను అక్కడ లేను. తీగ నుంచి వచ్చే అలలో అసలు స్వరం ఎంత స్పష్టంగా ఉండి, అనుస్వరాలు ఎంత తక్కువగా ఉంటే పై స్థాయి అంత స్వచ్ఛంగా పలుకుతుంది. అందుకే మెడ దగ్గరి పికప్ ఎంచుకోవాలి, గిటార్ మీది టోన్ నాబ్ బాగా తగ్గించాలి, సన్నని తీగల మీద పన్నెండవ మెట్టుకు పైన వాయించాలి. మొదటి తీగ పన్నెండవ మెట్టు దగ్గర సెకనుకు సుమారు 659 కంపనాలు; పెడల్ నొక్కగానే దాని మీద 1318 సన్నగా, వేణువుకు ఇత్తడి తొడుగు తొడిగినట్టుగా లేచి నిలబడుతుంది. తీగ ఆరిపోయే క్షణాల్లో కింది స్వరం ముందు మాయమై పై స్వరం ఒంటరిగా మిగిలిపోవడం కూడా వినిపిస్తుంది. కొత్తవారు సాధారణంగా ఆ చివరి రెండు క్షణాలు ఆగరు, మరో స్వరం మీటేస్తారు. అది నాకు కొంచెం బాధ.

దాని అసలు విద్య రెండు స్వరాలను కలిపి వాయించినప్పుడు బయటపడుతుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే. అయిదవ తీగను ఖాళీగా మీటితే సెకనుకు 110 కంపనాలు. దానిని షడ్జం అనుకుందాం. దానితో పాటు నాలుగవ తీగ రెండవ మెట్టు మీద పంచమాన్ని, అంటే దాదాపు 165 కంపనాలను, మీటుదాం. గుంటలను గుట్టలు చేసే ఈ సర్క్యూటు రెండు స్వరాలను విడివిడిగా రెట్టింపు చేసి ఊరుకోదు. రెండింటి తేడానూ, రెండింటి మొత్తాన్నీ కూడా కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. తేడా 55. అది మన షడ్జానికి కింది స్థాయి షడ్జం, బేస్ గిటార్ ఎవరో పక్కనుండి వాయించినట్టు కింద గుమ్మంటూ ఉంటుంది. మొత్తం 275. అది షడ్జానికి రెండున్నర రెట్లు, అంటే పై స్థాయి అంతర గాంధారం. మనం మీటింది స, ప మాత్రమే; గాంధారం ఎక్కడా మీటలేదు, అయినా వినబడుతుంది.

శ్రుతి చక్కగా కుదిరిన తంబురా నుంచి, ఎవరూ మీటని అంతర గాంధారం స్వయంభువుగా వినబడుతుందని సంగీతం నేర్చుకున్న ప్రతివారికీ గురువులు చెబుతారు. మా అక్క పంతులు గారు ఆ గాంధారం వినబడేవరకు పాఠం మొదలుపెట్టనిచ్చేవారు కాదు. అక్కడ అది మంద్ర షడ్జపు అయిదవ అనుస్వరంగా పుడుతుంది, ఇక్కడ రెండు స్వరాల మొత్తంగా పుడుతుంది. కారణాలు వేరు, చేరే చోటు ఒకటే. ఇంకొక సంగతి. గిటార్ మెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా విభజించి కొట్టినవి కనుక, వాటి మీద ఆ గాంధారాన్ని నేరుగా వాయిస్తే 277 చిల్లర వస్తుంది. అది శుద్ధమైన దానికంటే కొంచెం ఎక్కువ, కర్ణాటక సంగీతం విన్న చెవికి గీచుకుంటుంది. పెడల్ పుట్టించే గాంధారం దాదాపు 275 దగ్గరే నిలుస్తుంది. గిటార్ మెట్ల మీద దొరకని సుస్వరం, లోపమని మీ రచయిత అన్న ఆ పెట్టెలో దొరుకుతోంది. మొదటిసారి ఇది గమనించిన రాత్రి నేను కాగితం మీద లెక్క వేసుకొని, మళ్ళీ వాయించి, మళ్ళీ లెక్క చూసుకొని, అక్కకు ఫోను చేసి గిటార్ దగ్గర పెట్టి వినిపించాను. ఫోనులో ఏం వినబడిందో గానీ, "శ్రుతి బాగానే కలిసింది కానీ ఆ తేనెటీగలు ఎందుకురా" అన్నది.

ఇదే లెక్క తిరగబడడమూ ఉంది. షడ్జంతో అంతర గాంధారాన్ని నేరుగా కలిపి మీటితే, మెట్ల లెక్క ప్రకారం తేడా 28.6 దాకా వస్తుంది, ఉండవలసింది 27.5. చూడడానికి చిన్న తేడాయే గానీ అది మిగతా స్వరాలన్నిటితో రాసుకొని, ఎద్దుల బండి ఇరుసు కిర్రుమన్నట్టు ధ్వనిస్తుంది. ఈ పెడల్ తెచ్చుకున్న పిల్లలు నిండు కార్డ్‌లు వాయించి, చెడ్డ వస్తువు కొన్నామని నిరాశపడి అమ్మేసుకోవడానికి కారణం ఇదే. స, ప కలిపి వాయిస్తే కొలువు తీరుతుంది; స, గ కలిపి వాయిస్తే కొట్లాట మొదలవుతుంది.

లోపం, మరమ్మతు అన్న మాటలు వచ్చాయి కనుక నా సొంత అనుభవం ఒకటి చెప్పుకుంటాను. కొన్నేళ్ళ కిందట నా పెడల్ స్విచ్ పాడయింది. ఆ రోజుల్లో నా కంటికి శస్త్రచికిత్స జరిగి సోల్డరింగ్ చేయలేకపోవడంతో, హైదరాబాదులో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక దుకాణంలో ఇచ్చాను. స్విచ్ మాత్రమే మార్చమని చెప్పాను. వారం తర్వాత వెళితే ఆ మెకానిక్ ముఖం వెలిగిపోతోంది. "సార్, స్విచ్ ఒకటే కాదు, లోపల డయోడ్లు కూడా లీకేజీ చూపిస్తున్నాయి. రెండూ మార్చేశాను. గరగర వస్తోంది కదా, అందుకని ఒక కెపాసిటర్ కూడా వేశాను. ఇప్పుడు చూడండి, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు. పైగా ఆ అదనపు పనికి డబ్బు తీసుకోలేదు. మనిషి మంచివాడు, పనివాడు. అతని మీద కోపం తెచ్చుకోలేకపోయాను.

ఇంటికి వచ్చి మూత విప్పి చూస్తే, పాత జర్మేనియం డయోడ్ల స్థానంలో రెండు కొత్త సిలికాన్ డయోడ్లు మెరుస్తున్నాయి. జర్మేనియం డయోడ్ 0.3 వోల్టు దగ్గరే మెల్లగా తలుపు తెరుస్తుంది, సిలికాన్ 0.6 దాటేవరకు బిగించుకొని కూర్చొని ఒక్కసారిగా తెరుస్తుంది. కొద్దిపాటి లీకేజీ జర్మేనియానికి సహజ గుణం, రోగం కాదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. బోర్డు మీద ఒక చిన్న ట్రిమ్మర్ ఉంటుంది. తిరగేసిన గుట్టలూ అసలు గుట్టలూ ఒకే ఎత్తులో ఉండేలా చూడడం దాని పని. ఎత్తు సమానంగా లేకపోతే పై స్థాయి పలుచబడి కింది స్వరం పైకి తేలుతుంది. అతను దానిని కూడా ఎటో తిప్పి వదిలేశాడు.

కంటికి కట్టు విప్పిన తర్వాత ఒక రాత్రి కూర్చున్నాను. అదనపు కెపాసిటర్ తీసేశాను, పాత రేడియో ఒకటి విప్పి అందులోని జర్మేనియం డయోడ్లు రెండు తెచ్చి పెట్టాను. ట్రిమ్మర్‌కు కొలత ఏమీ లేదు, చెవే కొలత. ఎడమచేతి వేలు మొదటి తీగ పన్నెండవ మెట్టు మీద, కుడిచేతిలో చిన్న స్క్రూడ్రైవర్. ఒకసారి మీటడం, స్వరం ఉన్నంతసేపు స్క్రూను గింజంత తిప్పడం, ఆరిపోతే మళ్ళీ మీటడం. ఒకచోట స్వరం బొంగురుగా ఉంటుంది, దాటితే మళ్ళీ బొంగురే, రెండింటి నడుమ ఒక ఇరుకైన చోట కింది స్వరం చటుక్కున తప్పుకొని పై స్వరం ఒక్కటే నిలుస్తుంది. ఆ చోటు దొరికేసరికి తెల్లవారుజామున పాలవాడి సైకిలు గంట వినబడింది. వేలితో తంబురా దారం జరిపిన రోజులు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి చెప్పండి?

జర్మేనియం గురించి మన ప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ సంస్థ తెచ్చిన గుండ్రని ఫజ్ ఫేస్ మొదట్లో రెండే జర్మేనియం ట్రాన్సిస్టర్ల మీద నడిచేది. మన పాత ట్రాన్సిస్టర్ రేడియోలలో ఉండే ఏసీ 128 రకం ట్రాన్సిస్టర్లతో అటువంటి దానిని ఇంట్లోనే కట్టుకోవచ్చు, నేనూ కట్టుకున్నాను. అయితే జర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజీ ప్రతి పది డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుంది. లండన్ చలికి పుట్టిన సర్క్యూటు విజయవాడ మే నెల ఎండలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రెండవ ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్ అనే కాలు దగ్గర నాలుగున్నర వోల్టుల చుట్టూ ఉండవలసిన వోల్టేజీ ఎక్కడికో జారిపోయి, స్వరం తెగి తెగి, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆరుబయట పెళ్ళి పందిట్లో ఒకసారి నాకు అదే జరిగితే, తడిగుడ్డ చుట్టిన చల్లని నీళ్ళ సీసా మీద పెడల్‌ను కాసేపు కూర్చోబెట్టి కచేరీ గట్టెక్కించాను. కనుక వేసవిలో ఎవరి ఫజ్ అయినా మొరాయిస్తే వాద్యకారుణ్ణి నిందించే ముందు నీడ చూపించండి.

వేదిక మీద ఈ పెడల్‌ను చెడగొట్టే పొరపాట్లు ఎక్కువగా మనుషులవే. రెండు ట్రాన్సిస్టర్ల పాతకాలపు ఫజ్ గిటార్ పికప్‌తో నేరుగా కలిసి పనిచేస్తుంది. గిటార్ వాల్యూమ్ నాబ్‌ను పది నుంచి ఏడుకు తగ్గిస్తే గరగర విడిపోయి తేటపడేది ఆ కలయిక వల్లనే. మధ్యలో వైర్‌లెస్ పరికరమో, బఫర్ (రెండు పరికరాలను ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడకుండా విడదీసే సర్క్యూటు) ఉన్న మరో పెడలో పెడితే ఆ కలయిక తెగిపోయి, నాబ్ ఎంత తిప్పినా స్వరం తేటపడదు, సన్నగా గీరుతుంది. అందుకే దానిని గిటార్ పక్కనే, అన్నిటికంటే ముందు ఉంచాలి. పాత రకం జర్మేనియం పెడల్ చాలావరకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొనను ఎర్త్‌కు కలిపినది; మిగతా పెడళ్ళతో కలిపి ఒకే ఎలిమినేటర్‌కు తగిలిస్తే షార్ట్ అవుతుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి విడిగా పెట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

సౌండ్ ఆపరేటర్లకు ఒక మనవి. గిటార్ ఆంప్ నుంచి జీర వినబడగానే మిక్సర్ మీద హెచ్చు స్వరాలను కోసేయడం, చిన్న ధ్వనులు రాకుండా గేట్ బిగించడం చాలామందికి అలవాటయింది. గాయని మైకుకు అది మంచిదే కావచ్చు. ఈ పెడల్‌కు మాత్రం ప్రాణం ఆ రెండు చోట్లే ఉంది: పైన మిలమిలలాడే రెండవ స్వరం, చివర ఆరిపోతూ ఒంటరిగా మిగిలే స్వరం. మీ వ్యాసం చదివాక నాకు కలిగిన అనుమానం కూడా అదే. పై స్థాయి మొత్తం మిక్సర్ దగ్గరే కత్తిరించబడి, కింద మిగిలిన మోత మాత్రమే మీ రచయిత చెవికి చేరి ఉండవచ్చు. కచేరీకి ముందు ఆ కుర్రవాడికి అయిదు నిమిషాలు విడిగా ఇచ్చి, ఏది కావాలని వాయిస్తున్నాడో, ఏది అనుకోకుండా వస్తోందో అడిగి ఉంటే ఆ వాక్యాలు రాయవలసిన అవసరమే వచ్చేది కాదు. పాటలో ఎక్కడ వాడాలి, ఎక్కడ కాలు తీయాలి అన్న విచక్షణ అతనూ నేర్చుకోవలసే ఉంటుంది. గాయని పాడుతున్నంతసేపూ ఫజ్ నొక్కి ఉంచే పని నా చిన్నతనంలో నేనూ చేశాను, చీవాట్లూ తిన్నాను.

అందుచేత సంపాదకుల వారిని కోరేది ఒక్కటే. ఆ రెండు వాక్యాలకు చిన్న సవరణ వేసి, ఆ ధ్వని లోపం కాదనీ, వాద్యకారుడు ఎంచుకున్నదనీ తెలపండి. మీ పత్రిక కత్తిరింపును ఆ కుర్రవాడి తల్లిదండ్రులు దాచుకుంటారు. అందులో వారి అబ్బాయి గురించి సాంకేతిక లోపమన్న మాట ఉండకూడదు. వ్యాసకర్తకు వీలుంటే ఒక సాయంత్రం మా ఇంటికి రావచ్చు. అయిదవ తీగ ఖాళీగా, నాలుగవ తీగ రెండవ మెట్టు; ఎవరూ మీటని గాంధారాన్ని వినిపిస్తాను. పెడల్ నొక్కినప్పుడు గదిలోని ట్యూబులైటు గుయ్‌మనే చప్పుడు కూడా గిటార్‌లోకి వచ్చేస్తుంది కనుక, ఆ కాసేపు దీపం ఆర్పి చీకట్లో కూర్చోవడానికి వారికి అభ్యంతరం లేకపోతే చాలు.

భవదీయుడు,
విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, మీ పాఠకుడు
విజయవాడ